ముండగోడు సంతలో ఎవరెవరు

మొదటి రోజు

గుంతకల్లులో ఎక్కిన రైలు బళ్లారి, గదగ్‌ల మీదుగా హుబ్బళ్లి చేర్చింది. అక్కడ శిరసి వైపు వెళ్లే ప్రభుత్వ బస్సు ఎక్కితే, తడస దాటేదాకా కళ్ల ముందున్నది మా అనంతపురం వాళ్లకు కొత్తకాని బయలు నేలే. ఆ తరువాత నేల ఎర్రబడి, పొలాల మధ్య టేకుచెట్లు చిక్కబడి, చెరువుల కింద కోత కోసిన వరిమళ్లు కనిపించసాగాయి. కర్ణాటకలో మైదానాన్ని బయలుసీమ అనీ, పడమటి కనుమల ప్రాంతాన్ని మలెనాడు అనీ అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలోని ముండగోడు తాలూకా ఈ రెండింటి పొలిమేర మీద ఉంది. పొలిమేర నేలకు రెండు వైపులనుంచీ జనం వచ్చి చేరడం ఎక్కడైనా ఉన్నదే. ముండగోడుకు మాత్రం టిబెట్‌నుంచీ, ఆఫ్రికానుంచీ కూడా వచ్చారు.

బస్సులోనే ఆ సంగతి తెలిసిపోతుంది. నా ముందు సీటులో మెరూన్ రంగు వస్త్రాలు కట్టిన ఇద్దరు యువ భిక్షువులు ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరొక చెవిలో పెట్టుకుని కూర్చున్నారు. పక్క వరుసలో చేతినిండా దంతపు రంగు గాజులు వేసుకున్న లంబాణీ ముసలామె, వెనక సీటులో పాల క్యాన్లు ఖాళీ చేసుకుని ఇంటికి పోతున్న గౌళీ కుటుంబం. కండక్టరు అందరితోనూ ఒకే కన్నడంలో, ఒకే విసుగుతో మాట్లాడుతున్నాడు. రాయదుర్గంలో పుట్టి పెరిగిన నాకు కన్నడం పొరుగింటి భాష కాబట్టి, ఈ ప్రయాణంలో దుభాషీ అవసరం రాలేదు.

ఊరు చిన్నది. బస్టాండు, దాని ఎదుట లాడ్జీలు, ఎరువుల దుకాణాలు, తాలూకా కచేరి, మసీదు, గుళ్లు; ఒక గంటలో చివరిదాకా నడిచి రావచ్చు. ఊళ్లో లింగాయతులు, మరాఠాలు, ముస్లింలు, కొంకణి మాట్లాడే క్రైస్తవులు, తోటల వైపునుంచి వచ్చే హవ్యక బ్రాహ్మణులు ఉన్నారు. వీరిని ఉత్తర కర్ణాటకలో ఇంకే తాలూకా కేంద్రంలోనైనా చూడవచ్చు కనుక, వారి గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

మన జనగణనలో అమెరికావారి జనగణనలోలాగా మనిషి ఏ జాతివాడని అడిగే ప్రశ్న లేదు. మతం, మాతృభాష, షెడ్యూల్డ్ కులమా తెగా అన్నవి మాత్రమే ఇప్పటిదాకా అడుగుతూ వచ్చారు. బ్రిటిషువారికి ఆ సరదా ఉండేది. 1901 జనగణన కమిషనరుగా పనిచేసిన రిస్లీ ముక్కు పొడవునూ వెడల్పునూ కొలిచి, ఆ లెక్కతో మనుషులను జాతులుగా విడదీయవచ్చని నమ్మాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కూడా అదే నమ్మకంతో దక్షిణాదిలో మనుషులను కొలుస్తూ తిరిగాడు. ఆ కొలతకర్రలను ఎప్పుడో అటకెక్కించాం. అయినా ఈ ఊళ్లో ఎవరిని పలకరించినా రెండో మాటలోనే ఏదో ఒక కాగితం ప్రస్తావన వస్తుందని మొదటి రోజు సాయంత్రానికే అర్థమైంది. లాడ్జిలో నన్ను ఆధార్ కార్డు అడిగిన కుర్రవాడు, పక్కనే నిలబడిన మంగోలియా భిక్షువును మాత్రం పాస్‌పోర్టుతోపాటు పర్మిట్ కూడా చూపించమన్నాడు. టిబెటన్ స్థావరంలో అడుగుపెట్టాలంటే విదేశీయులకు కేంద్రం ఇచ్చే ప్రత్యేక అనుమతి ఉండాలి. మనకు అక్కరలేదు.

రెండో రోజు

షేర్ ఆటోలో టిబెటన్ల క్యాంపులకు వెళ్లాను. దలైలామా 1959లో టిబెట్ విడిచి వచ్చిన తరువాత, ఆయన వెంట వచ్చిన వేలమంది మొదట హిమాలయ ప్రాంతాలలో రోడ్డు కూలీలుగా పనిచేశారు. వారికి స్థిరమైన ఊళ్లు కావాలని నెహ్రూ రాష్ట్రాలకు రాయగా, ముందుకు వచ్చిన రాష్ట్రాలలో ఎక్కువ భూమి ఇచ్చింది ఆనాటి మైసూరు రాష్ట్రం. మైసూరు దగ్గరి బైలకుప్పె స్థావరం మొదట ఏర్పడింది. నిజలింగప్ప ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1966లో, ముండగోడు అడవిలో సుమారు 4,000 ఎకరాలు కేటాయించారు. మంచుకొండలనుంచి వచ్చినవారు వర్షాకాలం నెలల తరబడి సాగే ఈ నేలలో చెట్లు కొట్టి, మొద్దులు పెకలించి, మొక్కజొన్న వేశారు. తమ స్థావరానికి దోగులింగ్ అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లు మాత్రం ఇప్పటికీ ఒకటో నంబరు క్యాంపు, రెండో నంబరు క్యాంపు అనే అంకెలతోనే చలామణీ అవుతున్నాయి. మఠాలున్నవి లామా క్యాంపులు.

డిసెంబరు కావడంతో గృహస్థుల క్యాంపులలో సగం తలుపులకు తాళాలున్నాయి. లూధియానాలో స్వెట్టర్లు కొని, చలికాలమంతా దేశంలోని పట్టణాలలో అమ్మడం వీరి ప్రధాన జీవనాధారం. మన ఊళ్లలో ఫుట్‌పాత్ మీద బారుగా దుకాణాలు పెడితే "నేపాలీవాళ్ల స్వెట్టర్లు" అని మనం బేరమాడేది వీరితోనే. ఒక ఇంటి అరుగు మీద జపమాల తిప్పుతూ కూర్చున్న పెద్దావిడను కన్నడంలో పలకరించి, నాది అనంతపురం జిల్లా అని చెప్పేసరికి, ఆవిడ తెలుగులోకి దిగింది.

"రా బాబూ, కూర్చో. గుంటూరులో నాది ఇరవై సంవత్సరాలు దుకాణం. ఇప్పుడు మోకాలు నొప్పి, కోడలు వెళ్తుంది."

"తెలుగు బాగా వచ్చేసిందే అమ్మా!"

"అంకెలు బాగా వచ్చు. బేరం బాగా వచ్చు. గుంటూరువాళ్లు ఐదొందలు చెబితే నూట యాభై అడుగుతారు," అని నవ్వి, ఉప్పు, వెన్న వేసి చిలికిన టీ పోసింది. ఆ టీని టీ అనుకోకుండా చారు అనుకుని తాగితే బాగుంటుంది.

ఆవిడ కొడుకు బెల్జియంలో ఉన్నాడట. ఈ వీధిలో అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయని వేలితో చూపించింది. యువతరం ఐరోపాకూ, అమెరికాకూ, కెనడాకూ, కనీసం బెంగళూరుకూ పోతుండగా, వీరి పొలాలను చుట్టుపక్కల లంబాణీలూ ఇతర రైతులూ కౌలుకు చేస్తున్నారు. స్థావరం నేల వ్యక్తుల సొత్తు కాదు కనుక అమ్మడానికి లేదు. అడవి కొట్టి పొలం చేసినవారి మనవలు పొలంలో కనిపించరు. ఆ పొలంలో కలుపు తీసేవారి పేరు ఆ నేల కాగితాల మీద ఉండదు.

ఆవిడ దగ్గర ఉన్న కాగితాన్ని ఆర్‌సీ అంటారు. విదేశీయుల నమోదు పత్రం అన్నమాట. గడువు తీరినప్పుడల్లా పోలీసు అధికారుల దగ్గర కొత్త చేయించుకోవాలి. విదేశం పోవాలంటే పాస్‌పోర్టుకు బదులు ఇచ్చే పసుపు అట్ట పుస్తకం వేరే ఉంటుంది. మన పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి, 1987 జులై 1కి ముందు ఈ గడ్డ మీద పుట్టినవారెవరైనా పుట్టుకతోనే భారతీయులు. అది టిబెటన్లకూ వర్తిస్తుందని 2010లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. 2014లో ఎన్నికల సంఘం వారిని ఓటర్ల జాబితాలో చేర్చమని ఆదేశించింది. కానీ 2017లో విదేశాంగ శాఖ, భారత పాస్‌పోర్టు తీసుకునేవారు ఆర్‌సీని వాపసు చేయాలనీ, టిబెటన్ స్థావరాలలో నివసించకూడదనీ షరతు పెట్టింది. అంటే, పౌరుడు కావాలంటే తాతలు కట్టిన ఊరు వదలాలి. ఆవిడ పెద్దకొడుకు 1985లో ఇక్కడి ఆసుపత్రిలో పుట్టాడు, తమ్ముడు 1989లో అదే ఆసుపత్రిలో పుట్టాడు. చట్టం లెక్కలో పెద్దవాడు భారతీయుడు, చిన్నవాడు విదేశీయుడు.

మధ్యాహ్నం లామా క్యాంపులకు వెళ్లాను. ల్హాసా చుట్టుపక్కల ఉండిన మహామఠాలు గాండెన్, డ్రెపుంగ్‌లను ఇక్కడే తిరిగి కట్టుకున్నారు. సెరా మఠం బైలకుప్పెకు పోయింది. శరణార్థులుగా వచ్చిన భిక్షువులలో సుమారు 1,500 మందిని మొదట పశ్చిమ బెంగాల్‌లోని బక్సా కోటలో ఉంచారు. బ్రిటిషు కాలంలో రాజకీయ ఖైదీలను నిర్బంధించిన చోటది. ఉక్కలో క్షయ సోకి ఎందరో పోగా, మిగిలినవారు పదేళ్ల తరువాత దక్షిణానికి వచ్చి, పగలు పొలం పని, రాత్రి శాస్త్రపాఠంగా మఠాలను నిలబెట్టారు. ఇప్పుడు గాండెన్‌లో షార్ట్సె, జాంగ్ట్సె అనీ, డ్రెపుంగ్‌లో లోసెలింగ్, గోమాంగ్ అనీ కళాశాలలున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కొక్క ఊరంత.

బయటినుంచి చూసేవారికి అందరూ ఒకేలా కనిపించే ఈ మఠాల లోపల మరో జనగణన ఉంది. కొత్తగా చేరే కుర్రవాడు ఏ ప్రాంతం వాడన్నదాన్ని బట్టి అతనికి నివాసం నిర్ణయిస్తారు. ఆ ప్రాంతీయ నివాసాలను ఖంగ్‌ట్సెన్ అంటారు. టిబెట్‌లోని ఖామ్ ప్రాంతం వారిది ఒకటి, ఆమ్దో ప్రాంతం వారిది ఒకటి, లదాఖ్ వారిది, అరుణాచల్‌లోని మోన్‌పాలది వేరు. గోమాంగ్ కళాశాలకు శతాబ్దాలుగా మంగోల్ జాతులతో సంబంధం ఉండటం వల్ల, రష్యాలోని బుర్యాతియా, కల్మీకియాలనుంచి వచ్చినవారు నేటికీ అక్కడే చేరుతున్నారు. 2008లో టిబెట్‌లో జరిగిన ఆందోళనల తరువాత సరిహద్దు బిగుసుకుపోయి, అక్కడినుంచి వచ్చే కొత్తవారు దాదాపు ఆగిపోయారు. ఇప్పుడు చిన్న భిక్షువులలో నేపాల్, లదాఖ్, స్పితి, సిక్కిం, తవాంగ్ పిల్లలే ఎక్కువగా కనబడతారు. ఊళ్లోవారికి వీరందరూ "లామాలు". వీరిలో భారత పౌరులెందరో బస్టాండు దగ్గర టీకొట్టువాడికి తెలియదు.

సాయంత్రం చర్చా ప్రాంగణంలో ఒక గంట నిలబడి చూశాను. ఒకడు నేల మీద కూర్చుంటాడు. మరొకడు నిలబడి ప్రశ్న వేసి, ఎడమ కాలు నేలకు తన్ని, కుడి అరచేత్తో ఎడమ అరచేతిని చప్పట్లా కొడతాడు. కూర్చున్నవాడు తడబడ్డాడా, చుట్టూ ఉన్నవారు కేకలు పెడతారు. ఆ రోజు ప్రశ్నలు వేస్తున్నవాడు తవాంగ్ కుర్రవాడు, కూర్చున్నవాడు రెండింతలు వయసున్న ఖామ్ ప్రాంతపు భిక్షువు. నలంద పండితుల తర్కశాస్త్రమే ఇక్కడి పాఠ్యాంశం. మన కృష్ణాతీరంలో చెప్పుకునే నాగార్జునుని పేరు ఆ కేకల మధ్య రెండుసార్లు వినబడింది.

సంత రోజు

వారానికొకసారి జరిగే సంత ఈ తాలూకాకు అసలు సభ. మఠాల వంటశాలలకు కూరగాయలు బస్తాల లెక్కన కొనడానికి భిక్షువులు ఆటోట్రాలీలతో వస్తారు. బంగాళదుంప, క్యాబేజీ, ముల్లంగి ధర పెరిగిందంటే ఈ రోజు లామాల పూజ ఉందేమో అని రైతులు అడుగుతారు. అమ్మేవారిలో దాదాపు సగం మంది లంబాణీలు.

ఇక్కడ నాకు దారి చూపినవారు ఒక విశ్రాంత ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. లంబాణీ తండాలో పుట్టి, కన్నడ బడిలో చదివి, అదే బడిలో పాఠం చెప్పినవారు. మన సుగాలీలు, తెలంగాణ లంబాడాలు, ఇక్కడి లంబాణీలు ఒకే జనం. మొగలుల సేనలకు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ దక్కనుకు దిగి, రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయి, దొరికిన బీడు నేలలో తండాలు వేసుకున్నారు. మేష్టారు తన కుటుంబం సంగతి ఎంతో మామూలుగా చెప్పారు. ఆయన కొడుకు ఇక్కడే ఉన్నాడు. కూతురిని మహబూబ్‌నగర్ వైపు ఒక తండాలో ఇచ్చారు.

"నా కొడుకు బిడ్డ ఎస్సీ, నా కూతురు బిడ్డ ఎస్టీ. ఇద్దరూ వేసవి సెలవులకు ఇక్కడికే వస్తారు, ఒకే కంచంలో తింటారు. పోయిన ఏడు ఇద్దరూ ఒకే పోటీ పరీక్ష రాశారు, ఇద్దరికీ కటాఫ్ వేరు. దాని గురించి కొట్టుకున్నారు కూడా," అన్నారాయన.

కర్ణాటకలో లంబాణీలు షెడ్యూల్డ్ కులం. ఆంధ్రలో సుగాలీలు చాలా ముందునుంచీ షెడ్యూల్డ్ తెగ కాగా, తెలంగాణ ప్రాంతంలోని లంబాడాలకు ఆ హోదా 1976 చట్టంతో వచ్చింది. మహారాష్ట్రలో అదే జనం విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. నాలుగు రాష్ట్రాలలోనూ ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలీయే, చేసుకునేది సేవాలాల్ జయంతే. 2027 జనగణనలో కులం కూడా రాసుకుంటామని కేంద్రం 2025లో ప్రకటించింది కదా, ఏమి రాయిస్తారని అడిగాను. "అడిగేవాడి దగ్గర ఏ గడి ఉంటే అది," అన్నారు.

సంత చివర, నేల మీద తుండుగుడ్డ పరిచి తేనె సీసాలు పెట్టుకుని కూర్చున్న ఇద్దరు స్త్రీలు కనిపించారు. ఉంగరాల జుట్టు, ఆఫ్రికా పోలిక. కట్టు మాత్రం చీరె, మాట కన్నడం. వారి ఊరికి మర్నాడు వెళదామని మేష్టారు అన్నారు.

గుంజావతి

తేనె అమ్మిన ఆ స్త్రీలు సిద్దీలు. వారి పూర్వీకులను ఆఫ్రికా తూర్పు తీరంనుంచి, ముఖ్యంగా మొజాంబిక్‌నుంచి, పోర్చుగీసువారు బానిసలుగా గోవాకు తెచ్చారు. వారిలో తప్పించుకున్నవారూ, విడుదలైనవారూ కనుమలెక్కి ఈ అడవులలో దాక్కున్నారు. హళియాళ వైపు ఉన్నవారిలో ముస్లింలు, యల్లాపుర వైపు హిందువులు ఎక్కువ. ముండగోడు తాలూకాలోని గుంజావతి, మైనళ్లి గ్రామాలలో క్రైస్తవులు కనిపిస్తారు. మతం ఏదైనా ఇంటిపేరు స్థానంలో సిద్దీ అనే రాసుకుంటారు, డమామి అనే డోలు అందరిదీ. ఇంటి భాష మరాఠీ, కన్నడం కలిసిన ఒక రకం కొంకణి. 2011లో ప్రచురితమైన జన్యు పరిశోధన వీరి రక్తంలో ఆఫ్రికాతోపాటు భారతీయ, పోర్చుగీసు వంశాల జాడలూ ఉన్నాయని తేల్చింది. తెలుగువారికి ఈ కథ కొంత తెలిసినదే. వనపర్తి రాజుల దగ్గరి ఆఫ్రికా అంగరక్షక దళం నిజాం కొలువుకు చేరి, హైదరాబాదులో ఏసీ (ఆఫ్రికన్ క్యావల్రీ) గార్డ్స్ అనే పేటకు పేరిచ్చింది. తేడా ఏమిటంటే, అక్కడివారు గుర్రమెక్కిన సైనికులు, ఇక్కడివారు అడవిలోకి పారిపోయి, తరువాత వక్కతోటల యజమానుల దగ్గర తరాల తరబడి కూలి చేసినవారు.

మేము వెళ్లేసరికి ఒకామె ఇంటి ముందు చాప మీద కవంది కుడుతోంది. పాత చీరెల ముక్కలను ఒకదానిపై ఒకటి పరిచి కుట్టే బొంత అది. మన బొంతకూ దీనికీ తేడా చూడబోతే, కుట్టు అంచునుంచి మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. ముక్క అంచు మడిచి పెట్టి, సన్నని కుట్టు వేస్తూ, తరువాతి ముక్కను దాని కిందికి దోపుతారు. అన్నీ కుట్టాక నాలుగు మూలలా మడత పెట్టిన గుడ్డతో చిన్న పువ్వులు కుడతారు. పువ్వులు లేని కవంది బోసిగా ఉంటుందని ఆమె వెక్కిరింతగా అంది. ఎదురుగా ఉన్న బొంతలో పాత బడి యూనిఫారం జేబు ఒకటి జేబుగానే మిగిలి ఉంది. ఇప్పుడు వీటిని విదేశాలవారు కూడా కొంటున్నారు. ఆ గిరాకీ వచ్చాక రంగుల ఎంపికలో శ్రద్ధ పెరిగిందని ఆమె అంగీకరించింది.

ఆమె కొడుకు పరుగుపందెం వీరుడు. 1987లో, మార్గరెట్ ఆల్వా కేంద్ర క్రీడామంత్రిగా ఉన్నప్పుడు, ప్రత్యేక క్రీడా పథకం కింద సిద్దీ పిల్లలను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. ఆఫ్రికా రక్తం ఉంది కనుక ఒలింపిక్ పతకాలు వస్తాయన్న ఆశ దాని వెనుక ఉంది. కొందరు జాతీయ స్థాయిలో గెలిచారు కూడా. కొన్నేళ్లకు పథకం ఆగిపోయింది, పిల్లలు పొలం పనికి తిరిగివచ్చారు. ముక్కు కొలిచిన రిస్లీకీ, కాలి కండ చూసి పథకం వేసినవారికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. సిద్దీల బతుకులో ఎక్కువ మార్పు తెచ్చింది 2003లో ఉత్తర కన్నడ జిల్లాలో వచ్చిన షెడ్యూల్డ్ తెగ హోదా. హాస్టళ్లు, ఉద్యోగాలు, ఇంటిస్థలాలు దానితో వచ్చాయి. 2020లో శాంతారామ సిద్ది కర్ణాటక విధాన పరిషత్తుకు నామినేట్ అయ్యారు. ఈ సమాజంనుంచి చట్టసభలో అడుగుపెట్టిన మొదటివారాయన. పక్కనే ఉన్న ధారవాడ, బెళగావి జిల్లాల సిద్దీలకు అదే హోదా రావడానికి మాత్రం 2020 దాకా పట్టింది.

అయినా ఆ కుర్రవాడు జిల్లా దాటితే విదేశీయుడే. స్నేహితులతో ఒక పర్యాటక స్థలానికి పోతే, విదేశీయుల టికెట్ కొనమన్నారట. "కన్నడంలో తిట్టాక మామూలు టికెట్ ఇచ్చారు," అన్నాడు. ఆధార్ చూపించలేదా అని అడిగితే, కన్నడ తిట్టును మించిన ఆధార్ ఏముందని మేష్టారు అతని తరఫున జవాబిచ్చారు.

ఆఖరి రోజు

ధనగర్ గౌళీల గుడిసెల మధ్య ఉదయం గడిపాను. మహారాష్ట్ర కొండలనుంచి గేదెలను తోలుకుంటూ వచ్చి అడవి అంచుల్లో నిలిచిపోయిన జనం వీరు. వీరి మరాఠీ మాండలికం నాకు సగమే అర్థమైంది. ముండగోడు, యల్లాపుర, హళియాళ తాలూకాల ఇళ్లకు పాలు, వెన్న చేరేది చాలావరకు వీరి చేతుల మీదుగానే. ఇల్లంటే సగం గేదెలది. గోడ అడ్డం లేని ఆ ఇంట్లో దూడ నా నోట్‌బుక్ అంచు నమిలింది.

ఉత్తర కన్నడలో గౌళీలు, కుణబీలు, హాలక్కివారు షెడ్యూల్డ్ తెగ హోదా కోసం ఎన్నో ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. హోదా లేకపోవడం ఎక్కడ కొడుతుందో చూడాలంటే 2006 అటవీ హక్కుల చట్టం చూడాలి. అడవి నేల సాగు చేసుకుంటున్న షెడ్యూల్డ్ తెగవారు 2005 డిసెంబరు 13 నాటికి ఆ నేల తమ స్వాధీనంలో ఉన్నట్టు చూపితే చాలు. మిగిలిన అడవి వాసులు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే నివసించినట్టు రుజువు చేయాలి. ఒకే వాగుకు ఒక గట్టున సిద్దీ, మరో గట్టున గౌళీ ఉంటే, ఒకరికి ఒక తరం సాక్ష్యం సరిపోతుంది, మరొకరు 1930 దాకా వెనక్కి నడవాలి. మేత వెతుక్కుంటూ తిరిగే జనం దగ్గర 1930 నాటి కాగితం ఎవరు దాచి ఉంచుతారు?

మేము మాట్లాడుతున్న గౌళీ రైతు మాత్రం దాచాడు. రేకుల పెట్టెలోనుంచి తాత నాటి మేత రుసుము రసీదు ఒకటి తీశాడు. మడతల దగ్గర నాలుగు ముక్కలై, ప్లాస్టిక్ కవరులో ఉంది. బొంబాయి రాష్ట్రపు ముద్ర చదవగలిగాను. ఉత్తర కన్నడ 1956 దాకా ఆ రాష్ట్రంలోదే. తేదీ ఉన్న చోట చెద తినేసింది. దాన్ని పట్టుకుని అతనితోపాటు గ్రామ పంచాయతీ కార్యాలయానికి వెళ్లాం. అధికారి రసీదును వెలుతురుకు ఎత్తి చూసి, తేదీ లేనిదే పనికిరాదనీ, అయితే దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యంగా చెల్లుతుందనీ మర్యాదగానే చెప్పాడు. ఎంత వయసున్నవారు కావాలని మేష్టారు అడిగారు. తన తండ్రి చెప్పగా విన్న మాటను గట్టిగా చెప్పగలవారైతే చాలు, కానీ వేరే సమాజం వారైతే అటవీ హక్కుల కమిటీ ఎక్కువ నమ్ముతుందని అధికారి సలహా ఇచ్చాడు.

గౌళీ కాసేపు ఆలోచించి, తన తాత దగ్గర వెన్న కొన్న కుటుంబంలో తొంభై దాటిన సిద్దీ ముసలామె ఉందనీ, చెవులు వినబడవు గానీ నోరు బాగుందనీ అన్నాడు. ఆమెను బండి మీద ఎలా కూర్చోబెట్టి తీసుకురావాలో మేష్టారూ అతనూ మాట్లాడుకుంటుండగా, హుబ్బళ్లి బస్సు వచ్చింది.